అచ్చుతప్పు

పేరుకి మామూల్ గానీ, ఆ పిండివంట చెయ్యడం మామూలు పని కాదు. రవ్వకి నెయ్యి పట్టించి నానబెట్టాలి, లోపల తీపి ముద్ద పెట్టి చెక్క అచ్చులో నొక్కాలి, బల్ల అంచుకి ఠప్పున కొడితే చెక్కుచెదరకుండా ఊడి పడాలి. సైదా ఊళ్లో పసిపిల్లలు కూడా కొరక్కుండానే లోపలేముందో చెప్పేస్తారు. గోపురంలా ఉంటే అక్రోట్, బల్లపరుపుగా ఉంటే ఖర్జూరం. ఆ లెక్క తప్పిన ఇల్లాలు ఇంతవరకూ పుట్టలేదు, హనాది తప్ప.

హనాది ముఫీదాకి కొత్త కోడలు. పండగ ముందురోజు అత్తగారు బజారుకెళ్లినప్పుడు, హనాది బల్లకి కొట్టిన దెబ్బకి గోపురం అచ్చు నిలువునా చీలింది. అది అత్తగారికి తల్లి ఇచ్చిన అచ్చు. హనాది దాన్ని పిండి సంచీ వెనక దాచేసి, మిగిలిన అక్రోట్ ముద్దని ఖర్జూరం అచ్చులోనే నొక్కి కాల్చింది. అవి విడిగా డబ్బాలో పెట్టి అల్మారా పైకెక్కించింది. పండగయ్యాక నెమ్మదిగా చెబుదాంలే అని తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

పండగ పొద్దున ఇల్లంతా చుట్టాలు. హనాది కాఫీ పళ్లెంతో వస్తుంటే అత్తగారు మాట అందుకుంది.

"ఇప్పుడే మేడమీద ఫాయిజా వాళ్లకి మామూల్ ఇచ్చొచ్చానే. అల్మారా మీద డబ్బా కనబడితే అందులోవే పళ్లెంలో సర్దాను. ఖర్జూరంవన్నీ ఎవరికి దాచావే, పిసినారిదానా? పుట్టింటికా?"

చుట్టాలు పకపకా నవ్వారు. ఫాయిజా మనవరాలు లమీస్‌కి అక్రోట్ పడదు. కిందటేడు ఒక్క పలుకు నోట్లో పడితే గొంతు వాచి ఊపిరాడక, ఆస్పత్రిలో చావుతప్పి బయటపడింది. అందుకే ఆ ఇంటికి ఎవరైనా ఖర్జూరంవే పంపుతారు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

"అత్తయ్యా, అవి అక్రోట్‌వి! గోపురం అచ్చు నేనే పగలగొట్టాను!"

కాఫీ పళ్లెం ఎవరి ఒళ్లో పెట్టిందో తెలీదు. చెప్పుల్లేకుండా మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. లమీస్ కొత్త గౌనులో చాప మీద కూర్చుంది. ఒక బుగ్గ బాగా ఉబ్బి ఉంది. హనాది కెవ్వున అరిచి, పిల్ల గడ్డం పట్టుకుని నోట్లో వేలు పెట్టింది.

"నానమ్మా! పిన్ని నా బిళ్ల లాక్కుంటోంది!"

ఆ ఉబ్బు పండగ మిఠాయి బిళ్లది.

ఫాయిజా వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ముఫీదా పళ్లెం, దాని నిండా రెండుగా విరిచిన మామూల్, ప్రతిదాని కడుపులోనూ అక్రోట్.

"అయ్యో తల్లీ, పిల్ల అవి ముట్టుకోలేదమ్మా. నా సొంత చెల్లెలు పంపినా, విరిచి చూడందే దానికి పెట్టను. మొదటిది విరవగానే అనుకున్నా, కింద ఏదో కొంప మునిగిందని. చెబుదామనే బయల్దేరుతున్నా. రుచికి మాత్రం వంక పెట్టలేం, మూడు తినేశా."

హనాది అక్కడే చతికిలబడి భోరుమంది. ప్రాణం లేచొచ్చినప్పుడు కూడా ఏడుపే వస్తుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ముఫీదా ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. "పిల్ల..." అని మాత్రం అనగలిగింది. లమీస్ నాలుక చాపి బిళ్ల చూపించింది. ముఫీదా పిల్లని గుండెలకి అదుముకుని చాలాసేపు వదల్లేదు.

"అచ్చు సంగతి నాకెందుకు చెప్పలేదే?"

"తిడతారని, అత్తయ్యా."

"తిడతాను. ఇంటికి పద, కడుపారా తిడతాను. అయినా చెప్పాలి. చెక్కముక్క పోతే ఇంకోటి కొనుక్కుంటాం కదే..." ఆమె లమీస్ తల నిమిరింది.

పండగ పళ్లెం ఖాళీగా తిప్పి పంపడం ఆ ఊళ్లో లేదు. ఫాయిజా ముక్కలన్నీ గిన్నెలోకి వంపుకుని, తన ఇంట్లో చేసినవి సర్ది ఇచ్చింది.

మెట్లు దిగుతూ ముఫీదా బల్లపరుపు మామూల్ ఒకటి తీసింది. కొరకబోయి ఆగి, రెండుగా విరిచి చూసింది.

"ఖర్జూరమే," అంటూ సగం కోడలి నోట్లో పెట్టింది.