ఎంకమ్మ అరుగు, నవనీత తాళం

తాండూరుకు వచ్చి ఆరేళ్లయినా ఎంకమ్మకు ఇల్లంటే అరుగే. పొద్దున్నే నాపరాయి మీద భర్త నర్సప్ప కప్పుకున్న గొంగడి పరుచుకుని కూర్చుంటే మళ్లీ దీపాల వేళకే లేచేది. నర్సప్ప పోయి చాలా కాలమైంది, గొంగడి మాత్రం మిగిలింది. కొడుకు పరశురాం కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి బస్సెక్కి పోయేవాడు. కోడలు నవనీత కుట్టుమిషన్ ముందు ఉండేది. ఇక దారిన పోయేవాళ్ల బాధ్యతంతా ఎంకమ్మదే. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. గొర్రెల మంద వెంట ఊరూరా తిరిగి, ఎవరి పొలంలో దిగితే వాళ్లతో కలిసి బతికిన మనిషి. దాపరికం ఆమెకు ఎవరు నేర్పారు గనక!

మాఘమాసంలో గొంగళ్లు అమ్మేవాడొకడు వచ్చాడు. చీరలవాడైతే ఎంకమ్మ తలెత్తేది కాదేమో. గొర్రెలు కాచి గొంగళ్లు నేసే కురుమ ఇంటి ఆడమనిషి గొంగడి చూస్తే ఊరుకుంటుందా? అంచు పట్టి చూసింది, నేత బాగాలేదని వాణ్ని నాలుగు తిట్టింది, తాను కూర్చున్న గొంగడిని దులిపి చూపించింది.

"మీ ముసలాయన కప్పుకున్నదా అమ్మా? మస్తుగుంది" అన్నాడు వాడు.

అంతే, ఎంకమ్మ కరిగిపోయింది. "రేపు రాకు కొడుకా. రేపు మేమందరం పెండ్లికని వికారాబాద్ పోతున్నం. మాపటికి గాని రాం" అంది. పాపం, మనిషి మూట మోసుకుని ఊరికే వచ్చి పోతాడని.

మర్నాడు పెళ్లి భోజనం చేసి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఇత్తడి బిందెలు రెండూ పోయాయి, ఎంకమ్మ వెండి కడియాలు పోయాయి. దొంగ వాటిని మూట కట్టింది కూడా నర్సప్ప గొంగడిలోనే.

నవనీత అత్తను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది, వరండాకు ఇనుప గ్రిల్లు పెట్టించింది, దానికి నొక్కితే చాలు పడే కొత్త తాళం తెచ్చింది.

"అత్తమ్మా, ఇంట్ల ఎవలు లేరని ఎవలకు చెప్పకు. యాడికి పోతున్నమో, ఎప్పుడొస్తమో అసలే చెప్పకు. జర ఫికరనిపిస్తే గీ పోలీసు నంబరు కొట్టు" అని ఫోన్‌లో ఒకటి, సున్నా, సున్నా నొక్కడం నేర్పింది.

అంతా సబబే. కానీ బయటికి పోయేటప్పుడు పెద్ద తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవి తన సంచిలో వేసుకుపోవడం మొదలుపెట్టింది. ఆరేళ్లుగా అది ఎంకమ్మ కొంగు ముడిలో ఉండేది. ఇప్పుడు ఆమెకు మిగిలింది గ్రిల్లు తాళంచెవి, వరండాలో మంచం, గిన్నెలో అన్నం. సొంత ఇంటి ముందు పరాయిదానిలా కూర్చున్నట్టుండేది. తనను ఇంకెప్పటికీ నమ్మరేమో అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది. కొంగు చివర పట్టుకుని ఊరికే ముడి వేసి విప్పేది.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నవనీత వికారాబాద్‌లో తల్లిని చూడటానికి పోయింది. ఎంకమ్మ గ్రిల్లు బయట, అరుగు మీద ఉంది. గ్రిల్లు తెరిచే ఉంది. నీలం చొక్కా, మెడలో కార్డు, నున్నగా గీసిన మూతితో ఒకడు వచ్చి నిలబడ్డాడు.

"గ్యాస్ పైపులు చెక్ చేస్తున్నమమ్మా. ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

ఏడాదికి రెండుసార్లు గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. ఆ రోజు మనలాంటివాళ్లకు మంద మొత్తం ఒక్కతీరుగానే కనిపిస్తుంది. కాపరికి అలా కాదు, ప్రతి జీవాన్నీ నడక చూసి పోల్చుకుంటాడు. వాడు వీధి మలుపు తిరిగినప్పుడే ఎంకమ్మ చూసింది. కుడికాలు లోపలికి వేస్తూ, ఎడమ భుజం వంచి నడిచే నడక. గొంగళ్ల మూటతో వచ్చినప్పుడు వాడికి గుబురు మీసం, తలపాగా ఉండేవి. సోడాబుడ్డి అద్దాల ముసలిది, దీనికేం గుర్తుంటుందిలే అనుకున్నాడు కాబోలు.

 అరిస్తే పారిపోతాడు.

"సిలిండర్ గా వరండ మూలకే ఉన్నది. పోయి చూస్కో కొడుకా" అంది, వక్క నములుతూ.

వాడు లోపలికి పోయాడు. సిలిండర్ వైపు తిరిగైనా చూడలేదు, వంగి పెద్ద తలుపు తాళం చూస్తున్నాడు. ఎంకమ్మ లేచి గ్రిల్లు లాగి తాళం నొక్కింది. ఠక్కుమంది.

"ఓ భీమమ్మా! ఉరికి రా! దొంగను దొడ్లె పెట్టిన!"

ఎదురింటి భీమమ్మ రోకలితో వచ్చింది. వీధంతా వచ్చింది. ఎంకమ్మ ఫోన్ తీసి ఒకటి, సున్నా, సున్నా నొక్కింది. లోపల వాడు కార్డు ఊపుతూ, తాను గ్యాస్ కంపెనీ మనిషినని మొత్తుకున్నాడు.

"మీసం తీస్తివి గని నడక యాడ దాస్తవ్ కొడుకా? బొచ్చు కత్తిరిస్తే నా గొర్రెను నేను గుర్తువట్టనా?" అంది ఎంకమ్మ. జనం గొల్లున నవ్వారు.

పోలీసులు వచ్చి వాణ్ని తీసుకుపోయారు. సాయంత్రం రైలు దిగి వచ్చిన నవనీత సంగతి విని, సంచి కింద పడేసి అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"వాని తాన కత్తి ఉంటే ఏం జేస్తుంటివి అత్తమ్మా?"

"భయమైంది బిడ్డా, అబద్ధమెందుకు? గని నీ తాళం మంచిది."

"ఇంకోపారి గిట్ల జేయకు. భీమత్తను పిలువు, ఫోన్ కొట్టు, గంతే" అంటూ నవనీత కళ్లు తుడుచుకుంది. ఆపైన సంచిలోంచి పెద్ద తలుపు తాళంచెవి తీసి, అత్త కొంగుకు తానే ముడి వేసింది. ఒకటి కాదు, రెండు ముళ్లు. ఎంకమ్మకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

వారం తర్వాత ఒక బిందె, నర్సప్ప గొంగడి దొరికాయని స్టేషన్ నుంచి కబురొచ్చింది. కడియాలు అప్పటికే కరిగించేశారట. పోతే పోయాయి, ఎంకమ్మ గొంగడిని ఎండలో దులిపి అరుగు మీద పరుచుకుంది.

మరునాడు కొరియర్ అతను బండి ఆపాడు. "అమ్మా, ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ఎంకమ్మ కొంగు ముడి తడుముకుంది.

"అందరున్నరు కొడుకా. నీది ఏ ఊరు? ఎవలోళ్లవు?"

మిషన్ మళ్లీ నడవసాగింది.