పానకం బిందె ఒప్పుకున్న చక్రాలు

విజయసారథి మాస్టారు ఎర్ర కారు కొన్న రోజున తెనాలిలో నవ్వనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు ఆ రోజు ఊళ్ళో లేనివాళ్ళే. బాపట్ల కాలేజీలో సంస్కృతం చెప్పే మనిషి, యాభై దాటినవాడు, పంచె ఎగగట్టుకుని నేలబారు రెండు సీట్ల విదేశీ కారు ఎక్కడమేమిటి! ఎక్కడం అని అనడానికీ లేదు, ఆ కారులోకి దిగాలి. గుంటూరులో ఆ కారు అమ్మేసిన డాక్టరుగారికి మోజు తీరింది, ఈయనకి మోజు మొదలైంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరు సరిపెట్టుకుంది.

ఊరు సరిపెట్టుకున్నా మాస్టారి భార్య లలితాంబ సరిపెట్టుకోలేదు. ఆవిడ ఆ కారులో కూర్చున్నది ఒక్కసారే. ఆ రోజు అంగలకుదురు దగ్గర సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి ఉంది. వేసవి వచ్చిందంటే మన వైపు రోడ్లన్నీ కళ్ళాలే కదా! అరిగి గట్టిపడిన పాత టైరు గింజల మీద జారింది. కారు అడ్డంగా పోయి గుంటలో దబ్బున పడి లేచింది. ఆవిడకి నడుం పట్టేసింది.

"ఇక నన్నడక్కండి. మీ కారూ మీరూ" అంది లలితాంబ. అప్పటి నుంచి రెండో సీట్లో మాస్టారి గొడుగూ టిఫిన్ క్యారేజీ దర్జాగా తిరుగుతున్నాయి.

ఇంకొకరైతే రాకపోతే పోయిందిలే అనుకునేవాళ్ళు. మాస్టారు అలా అనుకోలేకపోయాడు. అసలు రెండే సీట్లున్న కారు కొన్నదే అందుకు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇద్దరూ ఎక్కడికి వెళ్ళినా మధ్యలో ఎవరో ఒకరు ఉండేవారు. అత్తగారో, ఆడపడుచో, ఎవరూ లేకపోతే ఆవకాయ జాడీయో. ఈ కారులో మూడో మనిషికి చోటు లేదు. ఇంత ఆలోచించి కొంటే ఆ రెండో మనిషే రానంది! రోజూ బాపట్ల వెళ్తూ పక్కన గొడుగును చూసినప్పుడల్లా ఆయనకి నిజంగానే దిగులు వేసేది.

ఉగాది పచ్చడి తింటూ ఆయన మెల్లగా కదిపాడు. "లలితా, ఈసారి పానకం మన కార్లో తీసుకెళ్దామా?"

లలితాంబ పుట్టిల్లు రేపల్లె. శ్రీరామనవమికి అక్కడి రామాలయంలో కల్యాణం జరిగితే, పానకం ఆ ఇంటి ఆడపడుచు అత్తింట్లో కలిపి తీసుకురావాలి. అది వాళ్ళ వంశాచారం. కలిపిన బిందె దేవుడి ముందు పెట్టేదాకా ఎక్కడా దించకూడదు, ఒళ్ళోనే ఉండాలి. మూతి మీద తడిగుడ్డ కప్పుతారు గానీ బిగించి కట్టరు. కడితే దేవుణ్ణి నమ్మనట్టట! ఏటా ఆవిడ అన్నగారు వెంకటరాఘవయ్య పెద్ద కారు పంపిస్తే, అందులో కదలకుండా కూర్చుని వెళ్ళేది.

లలితాంబ పచ్చడి గిన్నె కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆశ చూసి కాస్త జాలిపడినట్టే ఉంది గానీ, మాట మాత్రం మెత్తబడలేదు.

"సరే వస్తాను. కానీ ఒక్క చుక్క ఒలికిందా, ఈ జన్మలో ఆ కార్లో కాలు పెట్టను. రాముడి మీద ఒట్టు."

మాస్టారు చెయ్యి కడుక్కుని తిన్నగా కోటిబాబు టైర్ల షాపుకి వెళ్ళాడు.

కోటిబాబుకి ఎర్ర కారంటే ప్రాణం. తెనాలి మొత్తానికి అలాంటి బండి అదొక్కటే మరి. "పద్దెనిమిది అంగుళాల అల్లాయ్ చక్రాలేద్దామండి సార్. టైరు పల్చగా, వెడల్పుగా ఉంటది. స్టీరింగ్ ఇట్టా అంటే బండి అట్టా తిరుగుద్ది. బజారంతా నోరెళ్ళబెట్టి చూస్తారండి!" అన్నాడు.

"బజారు చూడక్కర్లేదు కోటిబాబూ, మా ఆవిడ కూచుంటే చాలు. అలాగని మలుపులో ఎడ్లబండిలా ఊగకూడదు."

"రెండూ ఒకచోట దొరకవండి. పోనీ వేసి చూసుకోండి. నచ్చకపోతే మార్చేద్దాం."

మర్నాడు తెల్లవారి అంగలకుదురు జనం ఒక వింత చూశారు. పద్దెనిమిది అంగుళాల చక్రాల మీద ఎర్ర కారు వస్తోంది. పక్క సీట్లో, లలితాంబ ఉండాల్సిన చోట, మెడదాకా నీళ్ళు నింపిన ఇత్తడి బిందె. దానికి సీటు బెల్టు.

"బిందెకి బెల్టెట్టారేంటి మాస్టారూ? పారిపోద్దనా?" అని పాలు పోయించుకుంటున్న ఒకాయన కేకేశాడు. ఆయన చేతిలో చెంబు వొణికేంతగా నవ్వాడు.

మాస్టారికి సిగ్గేసింది. కానీ నవ్వేవాళ్ళ ముందు జారిపడ్డా ఫర్వాలేదు, లలితాంబ ముందు మాత్రం జారకూడదు. కొలకలూరు దాకా నున్నటి రోడ్డు మీద కారు ఎంత ముద్దుగా వెళ్ళిందంటే, ఆయన మనసు అక్కడికక్కడే పద్దెనిమిదికి పడిపోయింది. అనుకున్న చోట అనుకున్నట్టు తిరిగింది. అంతలో కల్వర్టు వచ్చింది. పల్చటి టైరు దెబ్బని దాచుకోలేదు, ఉన్నదున్నట్టు పైకి పంపించింది. బిందె ఎగిరి సగం నీళ్ళు సీటు మీదా, మిగతావి మాస్టారి పంచె మీదా పోసింది. గాలి తగ్గించి చూస్తే ఈసారి చక్రం అంచే రాయికి కొట్టుకుంది.

తడి పంచెతో ఇంటికొచ్చిన మొగుడికి లలితాంబ గుమ్మంలోనే పొడి పంచె అందించింది. ఎదురింటి కాంతమ్మ అప్పటికే అంతా చెప్పేసి వెళ్ళింది.

సాయంత్రాలు మాస్టారు ఫోను ముందు పెట్టుకుని, శాస్త్రం తిరగేసినట్టే టైర్ల సంగతి తిరగేశాడు. చక్రం ఎంత తేలికైతే రోడ్డు ఎగుడుదిగుళ్ళతో పాటు అంత చురుగ్గా లేచి దిగుతుంది. చక్రం చిన్నదై టైరు పక్క గోడ ఎత్తుగా ఉంటే రాళ్ళ దెబ్బ మింగుతుంది. మరీ ఎత్తయితే మలుపులో చెప్పిన మాట ఆలస్యంగా వింటుంది. మరీ వెడల్పయితే గింజల మీదా నీళ్ళ మీదా తేలుతుంది. అన్నిటికీ నడిమి దారే మంచిదని తేల్చుకుని, పదిహేను అంగుళాలవి అడిగాడు. అవి బ్రేకుకి తగులుతాయన్నాడు కోటిబాబు. చివరికి పదహారు అంగుళాల తేలికపాటి చక్రాలు, మెత్తటి రబ్బరూ కాస్త గట్టి పక్కలూ ఉన్న టైర్లు ఖాయమయ్యాయి.

"మరీ మామూలుగా ఉందండి సార్" అని కోటిబాబు దిగులుపడ్డాడు.

మళ్ళీ బిందె, మళ్ళీ బెల్టు. కల్వర్టు దగ్గర నీళ్ళు అంచుదాకా వచ్చి, తొంగిచూసి, వెనక్కి పోయాయి. మాస్టారు కారు ఆపి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, బిందెకి దణ్ణం పెట్టాడు.

నవమి పొద్దున లలితాంబే నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుని కారులోకి దిగింది. కాంతమ్మ బిందె అందించింది. బెల్లం, మిరియాలు, యాలకుల వాసనతో కారంతా నిండిపోయింది. గొడుగూ క్యారేజీ ఇంట్లోనే ఉండిపోయాయి.

వేమూరు దాటేదాకా మాస్టారు ఊపిరి పీల్చాడో లేదో ఆయనకే తెలియదు. భట్టిప్రోలు ఇంకా రాలేదు, రోడ్డుకి ఎడమ పక్కంతా ఆరబోసిన మొక్కజొన్న, అంచున వరసగా రాళ్ళు. అప్పుడే పొలంలోంచి ఒక ట్రాక్టరు, వెనకా ముందూ చూసుకోకుండా, రోడ్డెక్కింది. మాస్టారు బ్రేకు తొక్కి స్టీరింగ్ తిప్పాడు. ఎడమ చక్రాలు గింజల మీదికి ఎక్కాయి. ఏడాది కిందటి జారుడు ఆయన వెన్నులో గుర్తుకొచ్చింది. కానీ టైర్లు పట్టు వదల్లేదు. కారు ట్రాక్టరు పక్క నుంచి వంపు తిరిగి, రాళ్ళకి తగలకుండా మళ్ళీ తిన్నగా అయింది.

"ఒలికిందా?" అన్నాడు మాస్టారు, పక్కకి చూసే ధైర్యం లేక.

"రోడ్డు చూడండి" అంది లలితాంబ.

రేపల్లెలో వెంకటరాఘవయ్య బిందె అందుకుని, గుడ్డ తీసి చూసి, "నిండుగా తెచ్చావమ్మా" అన్నాడు. మాస్టారికి అప్పుడు ఊపిరొచ్చింది. కల్యాణం జరిగినంతసేపూ అందరికీ వినపడేలా టైర్ల గురించి చెప్పాడు. విన్న బావగారు పాపం మూడు గ్లాసుల పానకం తాగాల్సి వచ్చింది.

ఎండ చల్లబడ్డాక బయల్దేరారు. మాస్టారు తెనాలి వైపు తిప్పబోతుంటే లలితాంబ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"అప్పుడే ఇంటికేంటండీ? అడవులదీవి దాకా పోదాం. సముద్రపు గాలి తగుల్తుంది."

"నడుమో?"

"బానే ఉంది. అయినా పొద్దున అంత నత్తలా తోలారేంటి? ఇప్పుడు ఒళ్ళో బిందె లేదుగా."

మాస్టారు నమ్మలేక ఆవిడ వైపు చూశాడు. రొయ్యల చెరువుల మధ్య మెలికలు తిరిగే రోడ్డు మీద కారుని వదిలాడు. మలుపు వెనక మలుపు, కారు మాట వింటోంది. లలితాంబ జుట్టు రేగిపోయి, చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆయనకి కడుపు నిండిపోయింది.

అప్పుడు కనపడింది. ఆవిడ ఒడిలో, పొద్దుటి నుంచీ కొంగు దోపుకుని కప్పేసిన చోట, గాలికి కొంగు తొలగి, పట్టుచీర మీద అరచేయంత మరక. ఎండి బిరుసెక్కింది. మధ్యలో ఒక మిరియం పలుకు అతుక్కుని ఉంది.

"అదేంటి లలితా?"

లలితాంబ కొంగు లాక్కుంది. "చెమట."

చెమటలో మిరియాలుండవని సంస్కృతం చదివినవాడికైనా తెలుసు. ఒట్టు తీసి ఏ గట్టున పెట్టిందో, ట్రాక్టరు దాటిన ఆ క్షణంలో రాముడికి ఏం చెప్పుకుందో, మాస్టారు అడగలేదు. అడిగితే సీటు ఖాళీ అవుతుంది.

"అవును, ఉక్కగా ఉంది" అన్నాడు.

"నన్నేం చూస్తారు? మలుపొస్తోంది" అంది ఆవిడ, కాళ్ళు బారజాపుకుని కూర్చుంటూ.