మూడేళ్ల పేరు

పెనం మీద జొన్నరొట్టె కాలుతుంటే, పిండి చేతులు చీరకు తుడుచుకుని సంతకం పెట్టడం నాకు పదిహేనేళ్ల అలవాటు. ఏ కాగితమో చదివే తీరిక లేదు. మా ఆయన శివకుమార్ వేలు పెట్టి చూపించిన చోట పెట్టేదాన్ని. వనపర్తిలో నా ప్లాటు అమ్మినప్పుడూ అంతే. గోపాల్‌పేట బడిలో పాఠాలు చెప్పి, జీతంలోంచి చిట్టీ కట్టి, 1997లో కొన్న ప్లాటు అది. పదేళ్లకు ధర పెరగగానే ఇంట్లో అందరికీ అది "మన ప్లాటు" అయిపోయింది.

ఆ డబ్బుతో ఇల్లు కొందామన్నారు. ఒప్పందం మాత్రం ఆయన పేరున రాయించుకొచ్చారు. ఆడవాళ్ల పేరున ఇల్లు ఉండకూడదని మా అత్తింటి ఆనవాయితీ. "ఇంటిపేరు మాది, ఇల్లు నీదెట్లయితది?" అని అత్తమ్మ జానకమ్మ నవ్వింది. నేను నోరు మూసుకుని టీ పెట్టాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేనూ ఆయనా ఆడిటర్ దగ్గరికి వెళ్లాక అసలు సంగతి బయటపడింది.

"ప్లాటు అమ్మింది మేడమ్. ఇల్లు గూడ మేడమ్ పేరు మీదనే కొనాలె సార్. అప్పుడే లాభం మీద పన్ను మాఫీ అయితది. మూడేండ్ల దాక ఎవరికీ రాసియ్యొద్దు."

మా ఆయన ముఖం మాడిపోయింది.

మర్నాడే ఒప్పందం నా పేరుకు మారింది. దాని వెనకే ఒక ఖాళీ స్టాంపు కాగితం వచ్చింది.

"గీడ సంతకం పెట్టు. మూడేండ్లు నిండినంక రాసుకుంటం."

"ఏం రాసుకుంటరు?"

"ఇల్లు నాకు ఇచ్చినట్టు. ఇంకేముంటది? పన్ను తప్పేటందుకే గద నీ పేరు."

ఎంత మామూలుగా అన్నాడో! కిరాయికి ఉండేవాళ్లను కూడా ఇంట్లో దిగాకే ఖాళీ చేయమంటారు. నాకు ఇల్లు కొనకముందే చెప్పేశారు. తెల్లారి లేచి నీళ్లు పట్టి, రొట్టెలు కాల్చి, బస్సులో నిలబడి బడికి పోయి, తిరిగొచ్చి అంట్లు తోమిన చేతులు నావి. ఆ చేతులతో కొన్నది వీళ్లకు నేను ఊరికే రాసివ్వాలి. నిండా కోపం వచ్చింది. రానీ అనుకున్నాను.

"పెట్టను."

"మొగుని మీద నమ్మకం లేదా?" అంది అత్తమ్మ.

"మీకు నా మీద నమ్మకముంటే గీ కాగితమెందుకు అత్తమ్మా?"

ఆయన కాగితాన్ని బల్ల మీద కొట్టాడు. "అయితే ఇల్లే కొనం. లక్షలు పన్ను కట్టుకుంటవా? దిమాక్ ఖరాబైందా నీకు?"

డబ్బు నా ఖాతాలో ఉంది. చెక్కు మీద నా సంతకమే పడాలి.

"కొంటే నా పేరున, ఎప్పటికీ నా పేరున. లేదంటే పన్నే కడత. సర్కారైనా తీసుకునే ముందు, ఇది ఎవరిదని అడుగుతది."