నూట ఇరవై జతలు

హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఆమె పెదవులు నెల రోజులుగా ఆడుతూనే ఉన్నాయి. ‘బెనవలెంట్, మాలెవలెంట్. ఫ్రూగల్, ఎక్స్‌ట్రావగెంట్.’ కొసలు కలిపేటప్పుడు ఒక మాట, అంచు సరిచేసేటప్పుడు దాని ఎదురు మాట. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి నూట ఇరవై జతలు కంఠతా పట్టింది.

"ఏమే దొరసానీ, మా ఆయన్ని తిట్టడానికి ఒక మంచి మాట ఇవ్వవే," అంది ఇస్త్రీ అక్క.

"మాలెవలెంట్ తీసుకో అక్కా."

"అమ్మో, అంత పొడుగుదా! సగం చెప్పేలోపే గుర్రు పెడతాడు."

ఆమె నవ్వింది గానీ గుండెల్లో బరువు అలాగే ఉంది. లాండ్రీ డ్యూటీ ఎనిమిదింటి దాకా. క్రెష్ ఆరింటికే మూసేస్తారు. ఇన్నాళ్ళూ ఆ రెండు గంటలూ పిల్లను చూసిన పక్కింటి పిన్ని ఇల్లు ఖాళీ చేస్తోంది. రిసెప్షన్‌లో పడ్డ ఖాళీకి ఇంగ్లీషు పరీక్ష పెడుతున్నారు. ఆ ఉద్యోగం దొరికితే అయిదింటికల్లా ఇంటికి రావచ్చు. దొరక్కపోతే రెండేళ్ళ పిల్లను ఆడపడుచు ఊరు పంపాల్సిందేనని భర్త తేల్చి చెప్పేశాడు.

పరీక్షలో మేనేజరమ్మ ఒక కాగితం ఇచ్చింది. అయిదు మాటలు, ఒక్కో మాటతో ఒక వాక్యం రాయాలి. మొదటిది లీనియెంట్. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. దాని జత స్ట్రింజెంట్! అయిదింటికీ జతలు తెలుసు.

పెన్ను పెట్టబోయి ఆగిపోయింది. లీనియెంట్ అంటే ఏమిటి? స్ట్రింజెంట్‌కి ఎదురు. మరి స్ట్రింజెంట్ అంటే? లీనియెంట్‌కి ఎదురు. పుస్తకంలో అర్థాలు కూడా ఇంగ్లీషులోనే ఉంటే, కొరుకుడు పడక దాటేసింది. ఎదురెదురు ఇళ్ళ మధ్య నెల రోజులు తిరిగింది తప్ప ఏ గడపా తొక్కలేదు.

చివరికి అయిదు మాటల పక్కన అయిదు ఎదురు మాటలు రాసిచ్చింది.

"నేనడిగింది ఇది కాదు కదమ్మా," అంది మేనేజరమ్మ. ఆ గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మళ్ళీ ఎప్పుడు పెడతారు మేడమ్?"

"ఉన్నది ఒక్క పోస్టేనమ్మా."

రాత్రి ఇంటికొచ్చాక పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"వదినా, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి."

"ఏడవకమ్మా, నేనేమన్నా పరాయిదాన్నా? దానికేం అలవాట్లున్నాయో చెప్పు."

"ఏం పెట్టినా తింటుంది వదినా. నిద్రొస్తే మాత్రం నా చెవి పట్టుకుంటుంది."



"సరేలే, నా చెవి ఇస్తాలే," అంది వదిన మెల్లగా.

పిల్ల అప్పటికే కళ్ళు మూసుకుని, తడుముకుంటూ చెయ్యి పైకి చాపింది. ఆమె తల వంచింది.