తప్పిన గోలీలు

నేను కాంపౌండర్ని. డాక్టరు ఒక్క మాట చెబితే దానికి పది కలిపి చెప్పడం నాకు అలవాటు. నారాయణఖేడ్‌లో మా చిన్న దవాఖానకు వచ్చేవాళ్ళు నన్ను సగం డాక్టరు అనేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

సుగ్రా బీ గాజులమ్మేది. మధ్యాహ్నానికే రెప్పలు వాలిపోయేవి, గాజు ఎక్కించే బలం చేతికి ఉండేది కాదు. సాయంత్రం జొన్నరొట్టె నమలలేక నీళ్ళలో నానబెట్టుకునేది. రెండేళ్ళపాటు అందరూ నిద్రమొహం అని ఆట పట్టించారు. నేనూ పట్టించాను. చివరికి హైదరాబాదులో జబ్బేమిటో కనుక్కున్నారు. నరం పంపే కబురు కండకు సరిగా అందడం లేదట. ఆ కబురును కాసేపు కరిగిపోకుండా నిలిపే గోలీలు రాశారు. రోజుకు నాలుగు సార్లు, సారికి రెండు. మొదటిసారి మా బల్ల మీద కూర్చునే వేసుకుంది. అరగంటకు కళ్ళు పూర్తిగా తెరిచి నవ్వింది. ఆ నవ్వు నేనిచ్చిందే అన్నట్టు పొంగిపోయాను.

ఎనభై ఆరులో రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. ముందురోజు ఆమె వచ్చి అడిగింది.

"నాగయ్యా, రోజా ఉంటె పగటీలి గోలీలు రెండు సార్లయి తప్పుతయి. ఎట్ల జెయ్యాలె?"

"బీమారున్నోళ్ళకు మాఫీ ఉంటదంటరు గద. ఉండకు."

"రెండేండ్లాయె ఉండక. ఇప్పుడు జర తాకతొచ్చింది. ఉంట."

వరండా నిండా జనం. డాక్టరు లోపలే ఉన్నాడు. లేచి అడగడానికి పది అడుగులు.

"తప్పితె ఏమాయె? నమాజు తప్పితె తర్వాత చదువుకుంటరు గద, గట్లనే. ఇఫ్తారప్పుడు అన్ని కలిపి ఏసుకో," అన్నాను.

ఆ మాట ఆమెకెంత నచ్చిందో మొహంలోనే కనిపించింది.

నాలుగో రోజు పొద్దున ఆమె భర్త అలీముద్దీన్ వచ్చాడు. చేతులకు ఇంకా మన్ను ఉంది.

"నిన్న ఇఫ్తారయినంక నోట్లకెల్లి చొంగ ఆగలే. ఒకటే చెమటలు. చెయ్యి లేపలేకపోయింది. తాకత్ తగ్గిందని నేనే ఇంక రెండు గోలీలేసిన. గంటకు పాణం పోయింది."

డాక్టరు బయటికొచ్చాడు. "అంతకుముందు ఎన్ని వేసుకుంది?"

"ఆరు. తప్పినయి కలిపి."

డాక్టరు నన్ను లోపలికి లాక్కెళ్ళి తలుపు మూశాడు. ఆ మందు ఎక్కువైనా, తక్కువైనప్పటిలాగే బలం పోతుందట. విరుగుడు సూదిమందు మా అలమారాలోనే ఉందట. నాకీ రెండూ తెలియవు. తెలియదని ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

చెప్పేయాలనే బయటికొచ్చాను. అలీముద్దీన్ మిగిలిన గోలీల పొట్లం నా చేతిలో పెట్టాడు.

"ఎవరికన్న పనికొస్తయి, ఉంచు. ఒక్కటి గూడ తప్పియ్యలే నాగయ్యా. నువ్వు చెప్పినట్టే అన్ని ఏసుకుంది."

నేను పొట్లం తీసుకున్నాను.