కొక్కెపు కర్రల దండు

హెడ్లీ ఓల్డ్‌రాయిడ్ రబ్బరు అచ్చు మీద పౌడరు చల్లి, రెండో పలకను దాని మీద బోర్లించి యంత్రంలో బిగించాడు. గిర్రున తిరుగుతున్న అచ్చు నడుమ కన్నంలో కరిగిన తగరం గరిటెతో పోశాడు. కాసేపాగి విప్పితే పన్నెండు మంది తగరపు బొమ్మ విలుకాళ్ళు, చిటికెన వేలి పొడవు కూడా లేనివాళ్ళు, వేడివేడిగా మెరుస్తూ బయటపడ్డారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పనే. ఈ ఉదయం మాత్రం గరిటె బరువుగా ఉంది. ఎడమ చెయ్యి భుజం దగ్గర నుంచి లాగుతోంది. రాత్రి పక్కమీద సరిగ్గా పడుకోలేదేమో అనుకున్నాడు.

అరవై రెండేళ్ళ పొట్టి మనిషి. ముంజేతుల నిండా లోహం చిట్లి పడిన చిన్న చిన్న మచ్చలు. భార్య పోయాక మాట్లాడడం ఇంకా తగ్గించేశాడు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు కిటికీ వైపు చూసి, తరవాత జవాబు చెబుతాడు. ఇవాళ ఆ కిటికీ అవతల ఏమీ కనిపించడం లేదు. మార్చి నెలాఖరైనా యార్క్‌షైర్ పొలాల మీద మంచు అడ్డంగా కొడుతోంది.

యజమానురాలు బెరిల్ థాక్రే టీ తెచ్చి పెట్టి, అతని మొహంలోకి చూసింది.

"అలా పాలిపోయావేమిటి హెడ్లీ?"

"పొయ్యి సెగ."

"సెగకి ఎర్రబడతారయ్యా, తెల్లబడరు. డాక్టరు దగ్గరికి వెళ్ళు."

"సోమవారం వెళ్తాలే."

పదకొండింటికి క్లిఫర్డ్ సగ్డెన్ ఒంటి మీది మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాడు. ఈ బొమ్మల సైన్యాలతో, పాచికలు వేసుకుంటూ, బల్లమీద పాత యుద్ధాలు ఆడే క్లబ్బుకి కార్యదర్శి. రేపు ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం. ఐదు వందల అరవై ఏళ్ళకి పైగా అయింది, ఇలాంటి మట్టల ఆదివారమే, ఇలాంటి మంచులోనే, పక్కనున్న టౌటన్ పొలాల్లో ఇంగ్లీషువాళ్ళు ఇంగ్లీషువాళ్ళనే నరికారు. రేపటి ఆట అదే.

"ఇంకో రెండు వందల నలభై మంది కావాలయ్యా. అందరూ విలుకాళ్ళే."

హెడ్లీ కిటికీ వైపు చూశాడు. "వద్దు మాస్టారూ. విలుకాళ్ళు ఎక్కువైపోతారు."

"పుస్తకంలో ఉంది కదా. కవచం తొడుక్కున్నవాడు ఒకడుంటే విలుకాళ్ళు ముగ్గురు."

"అది ఫ్రాన్సు మీదికి వెళ్ళినప్పటి లెక్క. జీతాలిచ్చి ఏరుకున్నారు, పేర్లు రాసుకున్నారు. ఇది ఇంట్లో కొట్లాట. దున్నేవాణ్ణీ, గొర్రెలు కాసేవాణ్ణీ లాక్కొచ్చారు. కర్రకి కొక్కెపు కత్తి బిగించుకుని వచ్చారు వాళ్ళు."

"ఎంతమంది? రాసినవాడెవడూ లేడే."

"రాయకపోతే లేనట్టేనా?"

అతను అంత గట్టిగా మాట్లాడడం బెరిల్ ఎప్పుడూ వినలేదు. సగ్డెన్ గడ్డం గోక్కున్నాడు.

"అయితే నువ్వే చెప్పు. ఎంత వెయ్యమంటావు?"

"సగానికి సగం."

"సరే. కానీ ఓ షరతు. ఎడమ వైపు ఆడేవాడికి జ్వరం. నీ కర్రలవాళ్ళని రేపు నువ్వే వచ్చి నడిపించు."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆటకి రమ్మని ఎవరూ పిలవలేదు. హెడ్లీ గరిటె కింద పెట్టాడు.

"నాకు చేతకాదేమో మాస్టారూ."

"ఏం పరవాలేదు. మంచు మొహాన కొట్టే పక్షం నీది. ఎలాగూ చచ్చేవాళ్ళే!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు సగ్డెన్.

కొక్కెపు కర్రలవాళ్ళ అచ్చు ఎవరూ అడగక ఏళ్ళయింది. పై అరలోంచి దింపుతుంటే గుండెల మీద ఎవరో మోకాలు మోపినట్టయింది. అరను పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తగ్గింది. మళ్ళీ పౌడరు చల్లాడు.

మధ్యాహ్నమంతా పోతలు పోశాడు. ఒక్కొక్కణ్ణీ తీసి అంచులు ఆకురాయితో రుద్దాడు. నొప్పి దవడలోకి పాకింది. రొట్టె ముక్క కొరికి వదిలేశాడు.

"ఇక ఇంటికి వెళ్ళు. నేను చూసుకుంటాను," అంది బెరిల్.

"ఇంకొక్క పోత బెరిల్. రేపటికి అందాలి కదా." ఆమె వైపు తిరిగి, కాస్త సిగ్గుగా, "కోటు వేసుకెళ్ళాలంటావా?" అని అడిగాడు.

"వేసుకో. సేనాపతివి కదా మరి!"

నాలుగింటికి వెలుతురు తగ్గింది. నూట ఇరవై మందిని బల్ల మీద వరసలుగా, కిటికీకి ఎదురుగా నిలబెట్టి, హెడ్లీ ఎత్తుపీట మీద కూర్చున్నాడు. అవతలి గదిలో ఉన్న బెరిల్‌కి ఆకురాయి చప్పుడు ఆగిపోవడం వినిపించింది. పని అయిందనుకుంది. ఆమె వచ్చేసరికి అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం రొమ్ము మీద వాలి ఉంది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేక భుజం మీద చెయ్యి వేసింది.

ఆదివారం ఆట ఆపేశారు.

సోమవారం పొద్దున, అతనికి తొడగడానికి కోటు కోసం బెరిల్, సగ్డెన్ కలిసి అతని ఇంటికి వెళ్ళారు. పక్కింటావిడ తలుపు తీసింది. వంటింటి బల్ల మీద పచ్చ దుప్పటి పరిచి ఉంది. దాని మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా మోహరించి ఉన్నాయి. అందరూ పోత చెడిన బొమ్మలే. తల లేనివాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, విల్లు సగమే పడినవాళ్ళు. కుర్చీ మాత్రం ఒక్కటే ఉంది. సగ్డెన్ టోపీ తీశాడు.

రెండు దండులకీ మధ్యన, మూలలు గుండ్రంగా అరిగిపోయి, చుక్కలు దాదాపు చెరిగిపోయిన రెండు పాచికలు పడి ఉన్నాయి.