బంగాళాదుంప అచ్చు

శుక్రవారం ఆఖరి పీరియడ్ డ్రాయింగు. దాని మీద లెక్కల మాస్టారి కన్ను పడి చాలాకాలమైంది. "బొమ్మలు ఇంటి దగ్గరైనా వేసుకుంటారండీ, ఎక్కాలెవరు నేర్పుతారు?" అని ఆయన హెడ్మిస్ట్రెస్ గారి గదిలో కూర్చుని మెత్తమెత్తగా అంటుంటే, తలుపు బయట రంగుల డబ్బా పట్టుకుని నేను విన్నాను. సోమవారం తేలుస్తానన్నారావిడ. ఆ పీరియడ్ కూడా పోతే బడిలో నాకు మిగిలేది నోటీసు బోర్డుకి రంగు కాగితాలు అంటించే పనే.

ఆ శుక్రవారమే మూడో తరగతికి డిజైను మొదలుపెట్టాను. ఒక ఆకు వేస్తే బొమ్మ, అదే ఆకుని వరసగా పక్కపక్కన వేసుకుంటూ పోతే డిజైను అని చెప్పి, తలా ఒక సగం బంగాళాదుంప ఇచ్చాను. కోసిన వైపు చెంచా కాడతో చుట్టూ గోకెయ్యాలి. మధ్యలో ఉబ్బెత్తుగా మిగిలినదానికి రంగు పూసి కాగితం మీద అద్దాలి. పిల్లలకి దుంప దొరికితే ముందు వాసన చూస్తారు, తర్వాత పక్కవాడి చెవిలో పెడతారు, అప్పటికి గానీ చెక్కడం గుర్తు రాదు. ఆకులొచ్చాయి, చేపలొచ్చాయి. ఒకడు చెక్కీ చెక్కీ దుంపంతా అయిపోగొట్టి, "మాస్టారూ, నాది గాలి" అన్నాడు.

పెన్సిలు కొరికే ఒక పిల్లని క్లాసంతా ఉడత అంటారు. ఉడత వేసిన అచ్చు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. పైన గుండ్రంగా ముడి. దాని కింద ముందుకి సాగి, వంగి, కిందకి చూస్తున్న ముక్కు. ముక్కు చివర వేలాడుతూ ఒక బొట్టు.

హెడ్మిస్ట్రెస్ గారికి వారం రోజులుగా జలుబు.

ఇదేమిటని అడగాల్సింది. అడగలేదు. అడిగితే వద్దనాల్సి వస్తుంది. "బావుంది, గట్టిగా అద్దు" అన్నాను. నాకు తెలియకుండా నాలో దాక్కున్న ఎనిమిదేళ్లవాడెవడో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఉడత పొడుగాటి చార్టు నిండా నీలం రంగు ముక్కులు వరసగా దించింది. సాయంత్రం దాన్ని తీసుకెళ్లి వరండాలో, సరిగ్గా ఆవిడ గదికెదురుగా అంటించాను. వెలుతురు అక్కడే బాగుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. వెలుతురు వరండా అంతా ఒకేలా ఉంటుంది.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి చార్టు ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"చూశారా మేడమ్? మీ బొమ్మే," అంటున్నారు లెక్కల మాస్టారు.

"నాదా?"

"ముడి చూడండి. ఆ ముక్కు చూడండి. పాడు పిల్లలు, జలుబు కూడా వదల్లేదు."

ముక్కు దాకా వెళ్తున్న ఆవిడ చేతిరుమాలు మధ్యలోనే ఆగిపోయింది. "డ్రాయింగ్ మాస్టారూ, ఇదేనా మీ డిజైను?"

"అంటే... ఒకటే వరసగా వేస్తే..."

"కనిపిస్తూనే ఉంది, నా ముక్కు ఎంత వరసగా వేశారో. పిలవండి, ఎవరు వేశారో."

ఉడత పెన్సిలు నోట్లో పెట్టుకునే వచ్చింది. దాని వెనక మూడో తరగతి మొత్తం గుమ్మంలోకి ఒరిగింది.

"ఎవరిదే ఇది?"

"నాదే మేడమ్."

"వేసింది నువ్వే, తెలుసు. ఈ మొహం ఎవరిది?"

ఉడత చార్టు వంక చూసింది, ఆవిడ వంక చూసింది. "మొహం ఎక్కడుంది మేడమ్? ఇది కుళాయి."

"పైన ముడి ఉందిగా?"

"అది తిప్పేది."

"మరి ఇదీ?"

"నీళ్లొచ్చేది. చివర కుళాయి లేదూ, కట్టేసినా కారుతూనే ఉంటుంది. వాచ్మన్ తాత గుడ్డ కట్టాడు, అయినా ఆగట్లేదు."

అందరం తలలు తిప్పాం. వరండా చివర కుళాయి మూతికి ఒక బొట్టు పట్టి, సాగి, ఆలోచించుకుని, రాలింది.

మళ్లీ చార్టు చూశాను. కుళాయే. ముక్కు ఎంత వెతికినా దొరకలేదు. తన ముక్కు గురించి ఆవిడకి ఎన్నాళ్ల బెంగో, ఆవిడ మీద నాకు ఎంత కచ్చో, ఆ పిల్లకేం తెలుసు? అది కుళాయి చూసింది, కుళాయి చెక్కింది. ఆ ముక్కుని మోసుకొచ్చి తగిలించింది పెద్దవాళ్లం.

"ఇది నా ముక్కని ముందు అన్నదెవరు?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు చాలా నెమ్మదిగా.

లెక్కల మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు. "అంటే మేడమ్, దూరం నుంచి చూస్తే..."

"ఆనుకుని నిలబడ్డారుగా! కుళాయిని చూస్తే మీకు నేను గుర్తొస్తానన్నమాట."

"అబ్బే, మిమ్మల్ని చూస్తే కుళాయి... అది కాదండీ..."

"ఆగండి. ఇంకొక్క మాటంటే ఇంకా కిందకి పోతారు."

నాకు నవ్వు ఆగలేదు. దాన్ని దగ్గుగా మార్చాను. ఆవిడ ఇటు తిరిగారు.

"మీకేం కనిపించింది మాస్టారూ?"

"కుళాయేనండీ."

"మొదట్నించీ?"

"మొదట్నించీ."

ఆవిడ నా మొహం వంక అచ్చంగా నేను చార్టు వంక చూసినట్టే చూశారు. అబద్ధమని ఆవిడకి తెలిసిపోయింది. కానీ ఇంకో మాస్టారికి కూడా అది ముక్కులా కనిపించిందని ఇంతమంది పిల్లల ముందు తేల్చుకుంటే ఆవిడకి మాత్రం ఏం లాభం?

"శుక్రవారం పీరియడ్ మీదే ఉంచుకోండి," అన్నారు చివరికి. "లెక్కల మాస్టారూ, గంటకి ఎన్ని బొట్లు పోతున్నాయో లెక్కకట్టి చెప్పండి. బాగుచేయించమని పైవాళ్లకి రాయాలి."

లెక్కల మాస్టారు కుక్కిన పేనులా కుళాయి వైపు నడిచారు. ఆవిడ గదిలోకి వెళ్లారు. లోపల పెద్ద తుమ్ము వినిపించింది.

ఉడత నా చొక్కా లాగింది. "మాస్టారూ, వచ్చే శుక్రవారం మేడమ్‌ని చెక్కనా?"

"ఎందుకే తల్లీ?"

"ఇప్పుడు చూస్తే నిజంగానే కుళాయిలా ఉన్నారు."

దాని నోరు మూయబోయాను, పెన్సిలు అడ్డొచ్చింది. గది తలుపు ఇంకా ఓరగానే ఉంది.

"నీలం మాత్రం పూయకే," అని లోపల్నించి వినిపించింది. "జలుబు చేస్తే ముక్కు ఎర్రగా ఉంటుంది."